యాక్సిడెంట్ కేసుల లాయరుగా గౌరవంగా బతకొచ్చా?

సూర్యాపేట నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. లాయరుగా ఎన్‌రోల్ అయి రెండేళ్లయిందట. ఒక సివిల్ సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉంటూ, రోడ్డు ప్రమాదాల్లో గాయపడిన వాళ్ల తరఫున క్లెయిమ్ కేసులు చేయాలనుకుంటోంది. కానీ ‘యాక్సిడెంట్ కేసుల లాయరు’ అంటే కోర్టులోనే చిన్నచూపు ఉందనీ, పర్సంటేజీల గొడవ ఉందనీ, ఇందులో గౌరవంగా నిలబడగలనా అనీ టెన్షన్ పడుతోంది. తన వీధిలో ఒక ఆటో డ్రైవరు కాలు విరిగి ఐదు నెలలుగా మంచంలో ఉన్నాడని, ఆ కేసు తను తీసుకోవచ్చా అని కూడా అడిగింది.

అమ్మా, నేను ఒంగోలులో ఇరవై ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున ఎప్పుడూ వకాల్తా వేయలేదు. గౌరవంగా బతకొచ్చు. అయితే ఆ చిన్నచూపు ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి, ఎందుకంటే రేపు మిమ్మల్ని కూడా అదే దారిలోకి లాగాలని చూస్తారు.

మా రోడ్డు మీ రోడ్డు లాంటిదే. మీకు 65వ నంబరు హైవే, మాకు 16వ నంబరు హైవే. దానికి తోడు చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్లతో దిగే లారీలు. దెబ్బ తగిలిన మనిషి క్యాజువాలిటీలోకి వెళ్లేసరికి, అతని పెళ్లాం చేతిలో ఎవరిదో విజిటింగ్ కార్డు ఉంటుంది. ఆసుపత్రిలో ఒకరు, స్టేషన్ దగ్గర ఒకరు, మధ్యలో బ్రోకరు. వీళ్లందరి వాటా చివరికి ఆ విరిగిన కాలి డబ్బులోంచే వెళ్తుంది. లాయరు కేసు కోసం క్లయింటు వెంట పడకూడదని బార్ కౌన్సిల్ రూల్స్‌లో 36వ రూలు చెబుతోంది. అది కాగితం మీది రూలే కదా అనుకోకండి. మీ దగ్గరికి బ్రోకరు ద్వారా వచ్చిన మనిషి మీ మాట వినడు, బ్రోకరు మాట వింటాడు. రేపు సెటిల్మెంట్ వద్దని మీరన్నా, తన వాటా తొందరగా రావాలని బ్రోకరు ఒప్పిస్తాడు.

రెండోది బండి పెట్టడం. గుద్దిన బండి ఏదో తెలియదు, లేదా దానికి ఇన్సూరెన్స్ లేదు. అప్పుడు బంధువుల బండి ఒకటి తెచ్చి, ఇదే గుద్దిందని రాయిద్దామంటారు. నా దగ్గరికి ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా ఇలా వస్తారు. వాళ్లు దొంగలు కారు, ఆసుపత్రి అప్పు మెడ మీద ఉన్నవాళ్లు. అయినా ఒప్పుకోను. హిట్ అండ్ రన్ పథకం కింద 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50,000 ఇస్తారని, రెవెన్యూ అధికారులకు దరఖాస్తు ఎలా పెట్టాలో కూర్చోబెట్టి రాసిస్తాను. 50,000 ఏ మూలకు సరిపోతాయని కోపంగా లేచిపోయిన వాళ్లున్నారు. వాళ్ల కోపం న్యాయమే, ఆ మొత్తం చాలా తక్కువ. కానీ ఒక్క దొంగ క్లెయిమ్ బయటపడితే, ఆ జిల్లాలో నిజంగా కాలు పోయిన ప్రతి మనిషినీ అనుమానంగా చూస్తారు.

మూడోది పర్సంటేజీ. వచ్చిన పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం అదే బార్ కౌన్సిల్ రూల్స్‌లో 20వ రూలు ప్రకారం నిషేధం. 2017 డిసెంబరులో తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. భర్త ప్రమాదంలో పోయిన ఒకావిడ దగ్గర లాయరు 10 లక్షలు ఫీజు తీసుకుని, ఇంకా కావాలని 3 లక్షలకు చెక్కు రాయించుకుని, అది చెల్లకపోతే చెక్ బౌన్స్ కేసు వేశాడు. కోర్టు ఆ కేసు కొట్టేసి, పర్సంటేజీ ఫీజు వృత్తిపరమైన తప్పని చెప్పింది. ఆ తీర్పు తెచ్చుకుని ఒకసారి పూర్తిగా చదవండి. నా పద్ధతి చెబుతాను: మొదటి రోజే ఒక మొత్తం అనుకుని, రెండు కాగితాల మీద రాసి, ఒకటి వాళ్లకిస్తాను. మూడు నాలుగు వాయిదాల్లో ఇవ్వొచ్చు. ఖర్చుల పుస్తకం వేరుగా ఉంటుంది. ఈ పద్ధతి వల్ల కొన్ని పెద్ద కేసులు పోయాయి. కానీ ఏ క్లయింటు ముందూ నేను తల దించుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇక అసలు పని. వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని ఎంతతో గుణించాలో చెప్పే సర్లా వర్మ తీర్పులోని మల్టిప్లయర్ పట్టిక, భవిష్యత్తు ఆదాయం కింద ఎంత కలపాలో చెప్పే ప్రణయ్ సేథీ తీర్పులోని శాతాలు రెండు రోజుల్లో నోటికొస్తాయి. లెక్క ఎవరైనా కడతారు. దెబ్బ వల్ల ఆ మనిషి బతుకులో ఏం పోయిందో తెలుసుకుని, దాన్ని జడ్జిగారికి కనబడేలా చేయడమే మన పని.

2019లో ఒక టైల్స్ మేస్త్రీ వచ్చాడు. ముప్పై రెండేళ్లు. బైకు మీద వెళ్తుంటే కారు గుద్దింది, మోకాలి కింద ఎముక విరిగి ప్లేటు వేశారు. మెడికల్ బోర్డు ఆ కాలికి 35 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చింది. మనిషి నడుచుకుంటూనే నా ఆఫీసుకొచ్చాడు. చూస్తే పెద్దగా ఏమీ కాలేదనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. నెలకు 15,000 సంపాదన. నలభై లోపు వయసు, సొంత పని కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. ముప్పై రెండేళ్లకు మల్టిప్లయర్ 16. మొత్తం 40,32,000. గాయం కేసు కాబట్టి సొంత ఖర్చుల కింద కోత ఉండదు. ఇందులో ఎంత శాతం ఇవ్వాలన్న దగ్గరే అసలు యుద్ధం. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు, 35 శాతం ఒక్క కాలికే కదా, మొత్తం శరీరానికి 12 శాతమే అన్నారు. అంటే 4,83,840. సర్టిఫికెట్‌లోని 35 శాతాన్నే ఉన్నదున్నట్టు పట్టుకుంటే 14,11,200. మేం అడిగింది 70 శాతం, 28,22,400. ఒకే మోకాలికి మూడు లెక్కలు, తేడా 23 లక్షల పైన.

ఆ 70 ఎక్కడి నుంచి వచ్చిందంటే, అతని ఇంటికి వెళ్లడం వల్ల. గాయం కేసు తీసుకుంటే క్లయింటు ఇంటికి వెళ్లి, ఒక నోట్‌బుక్‌లో పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఆ మనిషి ఏం చేసేవాడో, ఇప్పుడేం చేస్తున్నాడో గంట గంటకీ రాసుకుంటాను. ఆ రోజు మేస్త్రీ నాకు కుర్చీ వేసి తను మంచం అంచున కూర్చున్నాడు. వాళ్లావిడ, “ఇప్పుడు కింద కూర్చుని అన్నం కూడా తినలేడు లాయరమ్మగారూ” అంది. టైల్స్ వేసేవాడు రోజంతా గొంతుక్కూర్చునే ఉండాలి. మోకాలు వంగని మేస్త్రీకి ఆ పని 35 శాతం పోవడం కాదు, పూర్తిగా పోయినట్టే. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఎడమ చెయ్యి తీసేసిన మనిషి వడ్రంగో డ్రైవరో అయితే సంపాదన దాదాపు నూటికి నూరు పాళ్లు పోయినట్టు, అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. శరీరానికి ఎంత శాతం అన్నది డాక్టరు చెబుతారు. సంపాదనకు ఎంత శాతం అన్నది ఈ క్లెయిమ్‌లు విచారించే ట్రిబ్యునల్ తేల్చాలి. అందుకు కావలసిన సాక్ష్యం మనం పెట్టాలి.

అతన్ని పనికి పిలిచే కాంట్రాక్టరును సాక్షిగా తెచ్చాం. రోజు కూలి రాసుకున్న అతని పాకెట్ పుస్తకం ఎగ్జిబిట్ అయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు కోర్టుకు రాలేనంటే, అడ్వొకేట్ కమిషనర్‌ను వేయించి ఆసుపత్రిలోనే సాక్ష్యం రికార్డు చేయించాం. కంపెనీ లాయరు క్రాస్‌లో “ఇతను నడవగలడా?” అని అడిగితే డాక్టరు అవునన్నారు. రీ ఎగ్జామినేషన్‌లో నేను ఒక్క ప్రశ్నే అడిగాను: “గొంతుక్కూర్చోగలడా?” “లేదు.” ట్రిబ్యునల్ 60 శాతం తీసుకుంది. ఆ ఒక్క పద్దు కిందే 24,19,200 వచ్చింది. ఇప్పుడతను టైల్స్, శానిటరీ సామాను అమ్మే చిన్న షాపు నడుపుతున్నాడు.

గృహిణి అయినా ఇదే పద్ధతి. “ఆవిడకు సంపాదనేముంది?” అనే ప్రశ్న వింటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. నీళ్లు మోయడం, వంట, గేదెల పని, అత్తగారికి స్నానం చేయించడం, ఇవన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. ఇంటిపనికి విలువ కట్టాల్సిందేనని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. ఆ తీర్పుతో పాటు మీ నోట్‌బుక్ ఉంటేనే అంకె పెరుగుతుంది.

ఇంటికి వెళ్లాలని నాకెవరూ నేర్పలేదు, ఒక తప్పు నేర్పింది. ప్రాక్టీసు పెట్టిన మూడో ఏట ఒక ఆటో డ్రైవరు కేసు వచ్చింది. తలకు దెబ్బ, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నా ముందు కూర్చుని చక్కగా మాట్లాడాడు. లోక్ అదాలత్‌లో కంపెనీ ఒక మొత్తం ఇస్తామంది. త్వరగా డబ్బు అందుతుందని నేనే ఒప్పుకోమని చెప్పాను, అతను సంతకం పెట్టాడు. ఆరు నెలల తర్వాత అతని భార్య ఒక్కతే వచ్చింది. ఆటో ఎక్కిన మనిషిని ఎక్కడ దించాలో మర్చిపోతున్నాడట. పిల్లల్ని ఎన్నడూ కొట్టని వాడు కొడుతున్నాడట. మెదడు ముందు భాగానికి తగిలిన దెబ్బ అలా ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. ఆసుపత్రిలో అతని పక్కన ఉన్నది ఆవిడ, రాత్రిళ్లు చూస్తున్నది ఆవిడ. నేను ఆవిణ్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. లోక్ అదాలత్ అవార్డు, అంటే అది ఇచ్చిన తీర్పు మీద అప్పీలు ఉండదు. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ఆ కుటుంబం పరిస్థితి ఇప్పటికీ నా మనసులో బరువుగానే ఉంది. అప్పటి నుంచి తల దెబ్బ కేసులో భార్యనో తల్లినో విడిగా కూర్చోబెట్టి అడగకుండా, న్యూరాలజిస్టు కాగితం చూడకుండా సెటిల్మెంట్ మాట ఎత్తను. లోక్ అదాలత్ చెడ్డదని కాదు. దెబ్బ పూర్తిగా తేలాక వెళ్తే చాలా మంచిది.

పిల్లల కేసుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. తొమ్మిదేళ్ల పిల్లవాడికి కృత్రిమ కాలు పెడితే, ఎదిగే కొద్దీ మార్చాలి, పెద్దయ్యాక కూడా కొన్నేళ్లకొకటి మార్చాలి. చాలా పిటిషన్లలో ఒక్క కాలి కొటేషనే జతచేస్తారు. జీవితాంతం ఎన్ని కావాలో తయారుచేసే వాళ్ల చేతనే సాక్ష్యం చెప్పించాలి. ఎప్పుడూ మనిషి తోడుండాల్సిన బిడ్డ అయితే 2020 నాటి కాజల్ తీర్పు చదవండి. తోడుండే మనిషి ఖర్చును కూడా మల్టిప్లయర్‌తోనే లెక్కకట్టాలని అందులో ఉంది. మనం అడిగిన దానికన్నా ఎక్కువ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. కానీ సాక్ష్యం లేని దానికి ఎవరూ ఇవ్వరు.

ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయితే పెద్ద బిల్లులు ఉండవు. అందుకని వైద్య ఖర్చు ఏమీ లేదని రాసేయకండి. ఆసుపత్రికి తిప్పిన ఆటో ఖర్చు, బయట కొన్న మందులు, పక్కన ఉండటానికి కూలి మానుకున్న తమ్ముడి రోజులు, ఫిజియోథెరపీ, పౌష్టికాహారం, ఇవన్నీ అడగొచ్చు. చీటీలన్నీ ఒక సంచిలో వేసి ఉంచమని మొదటి రోజే చెప్పండి.

గెలవలేని కేసులు కూడా వస్తాయి, వాటి గురించి కూడా తెలియాలి. మా వైపు మిర్చి కోతలకు కూలీలను ట్రాక్టర్ ట్రక్కులో ఎక్కించుకుని వెళ్తారు. అది తిరగబడితే ఒకే ఊరి నుంచి పది మంది గాయాలతో వస్తారు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన వాళ్ల విషయంలో ఇన్సూరెన్స్ కంపెనీకి బాధ్యత లేదని ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సరుకు యజమాని గానీ అతని మనిషి గానీ అయితే 1994 సవరణ తర్వాత కవరేజి ఉంటుంది. మిర్చి బస్తాల వెంట వస్తున్న కూలీకీ, ఖాళీ ట్రక్కులో పొలానికి వెళ్తున్న కూలీకీ చట్టంలో అంత తేడా. ఆ తేడా నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. ఎవరి బండి ఎవరిని ఏ పనికి తీసుకెళ్లిందో వెంటనే తేల్చుకోండి. ట్రాక్టర్ యజమాని దగ్గర పని చేస్తూ గాయపడిన వాళ్లయితే కార్మిక శాఖ దారిలో పరిహారం అడగొచ్చేమో చూడాలి, రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఏ దారీ లేకపోతే ఆ మాట మొదటి రోజే చెప్పండి. నాలుగేళ్లు తిప్పి చెప్పడం కన్నా అది వాళ్లకు మేలు.

డబ్బు వచ్చాక కూడా మన పని ఉంటుంది. చదువు రాని వాళ్లకూ మైనర్లకూ వచ్చిన పరిహారంలో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టాలని సుసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ఆ డిపాజిట్ మీద అందరి కళ్లూ ఉంటాయి. కాలు పోయిన ఒక పిల్లవాడి డిపాజిట్ విడిపించే పిటిషన్ వేయమని అతని మేనమామ నా చుట్టూ ఏడాది తిరిగాడు, వ్యాపారం పెట్టి లాభంలో వాటా ఇస్తానని. నేను వేయలేదు. ఆ అబ్బాయి మేజరయ్యాక ఆ డబ్బుతోనే కొత్త కాలు పెట్టించుకుని పాలిటెక్నిక్ పూర్తి చేశాడు.

సంపాదన సంగతి కూడా చెబుతాను. మొదటి ఐదేళ్లు కేవలం ఈ కేసుల మీదే బతకలేరు. కేసు వేసిన రోజు నుంచి అవార్డు వచ్చేదాకా ఏళ్లు పడుతుంది, తర్వాత కంపెనీ హైకోర్టుకు వెళ్తే మళ్లీ ఎదురుచూపు. సీనియర్ దగ్గర సివిల్ పని వదలకండి. క్రాస్ ఎగ్జామినేషన్ అక్కడే వస్తుంది. ఉచిత న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌కు దరఖాస్తు పెట్టండి. నాకు ఏడో ఏటికి గానీ ఇంటి అద్దె గురించి బెంగ లేని నెల రాలేదు. పదో ఏడు దాటాక కేసులు వాటంతటవే వచ్చాయి, పాత క్లయింట్ల ఊళ్ల నుంచి. పెద్ద ఇల్లు కట్టలేదు, పిల్లలిద్దర్నీ చదివించాను, అప్పు లేదు. కంపెనీ ప్యానెల్ లాయర్లకు నెలనెలా బిల్లులు వస్తాయి, ఆ స్థిమితం మనకుండదు. అది తెలిసే ఇటు రండి.

ఆడపిల్లవి కాబట్టి ఒక మాట. గాయపడిన ఆడవాళ్లు మగ లాయరుకు చెప్పలేనివి మీకు చెబుతారు. నడుం దెబ్బ తగిలాక మూత్రం ఆగడం లేదని, భర్త దగ్గరికి రావడం లేదని. అవి కూడా నష్టాలే, పరిహారంలో వాటికీ చోటుంది. వాటిని వాళ్ల మర్యాద చెడకుండా అఫిడవిట్‌లో ఎలా రాయాలో నెమ్మదిగా నేర్చుకోండి.

ఇక మీ వీధి ఆటో డ్రైవరు. ఇది మాత్రం వెంటనే చేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద పరిహారం పిటిషన్‌ను ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలి. 1994 నుంచి అప్పటిదాకా గడువు లేదు కాబట్టి, ఎప్పుడైనా వేసుకోవచ్చులే అనే మాట ఇంకా జనంలో తిరుగుతోంది. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు ఉన్నాయి, కానీ వాటి మీద ఆశ పెట్టుకుని అతని కేసును పణంగా పెట్టకండి. వడ్డీ కూడా పిటిషన్ వేసిన తేదీ తర్వాతే లెక్కలోకి వస్తుంది. డిజేబిలిటీ సర్టిఫికెట్ వచ్చాక వేద్దామని చాలామంది ఆగుతారు. అవసరం లేదు, అది విచారణలో పెట్టొచ్చు. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, అవతలి బండి నంబరు, పాలసీ వివరాలు, ఇవి చాలు. అతను ఉండేది సూర్యాపేటలోనే కాబట్టి, ప్రమాదం వేరే జిల్లాలో జరిగినా మీ కోర్టులోనే వేయొచ్చు. ఎఫ్‌ఐఆర్‌లో ‘గుర్తు తెలియని వాహనం’ అని ఉందేమో ఈ రోజే చూడండి. ఉంటే చార్జిషీటులో బండి ఎలా గుర్తించారో స్టేషన్‌లో కనుక్కోండి. అతని డ్రైవింగ్ లైసెన్సు కాపీ తీసుకోండి. ఐదు నెలలంటే మీ చేతిలో నెల కూడా లేనట్టే. మీ సీనియర్‌తో చెప్పి, ఆయన పేరుతో పాటు మీ పేరు కూడా వకాల్తాలో పెట్టి, వచ్చే వారంలోపు పిటిషన్ వేసి దానికి కేసు నంబరు వేయించండి. నోట్‌బుక్ పట్టుకుని వాళ్లింటికి మాత్రం రేపే వెళ్లండి.